బీరువా నంబరు నుంచి 894.8273 దాకా

మా హైస్కూల్లో ‘బారిష్టర్ పార్వతీశం’ ప్రతి ఒకటుంది. అసలు అట్ట ఎప్పుడు ఊడిపోయిందో గానీ, నల్ల కాలికో గుడ్డ వేసి బైండు చేయించారు. బైండింగుకు ఇచ్చిన ప్రతి పుస్తకమూ అప్పట్లో ఆ నలుపులోనే తిరిగొచ్చేది, పేరూ ఊరూ లేకుండా. వీపు మీద ఉన్నవల్లా రెండు చీటీలు. పాతది గోధుమరంగుకు తిరిగింది: ‘బీ.2 - అ.3 - 41’. దాన్ని సగం కప్పుతూ నేను అంటించిన చీటీలో మూడు వరసలు: 894, కింద .8273, ఆ కింద ‘మొక్క’. మొక్క అంటే వృక్షశాస్త్రమేమో అనుకుని ఆరో తరగతి పిల్లలు తీసి చూస్తుంటారు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారికి ఆ విధంగానూ కొందరు పాఠకులు దొరికారు.

పాత చీటీకి అర్థం చెప్పక్కర్లేదు. రెండో బీరువా, మూడో అర, ఎడమ నుంచి 41వ పుస్తకం. కొన్న రోజున ఎక్కడ పెట్టారో అట్ట చిరిగేదాకా అక్కడే ఉండాలి. మరుసటేడు ఇంకో నవల కొంటే దానికి ఆ పక్కన చోటు లేదు, ఖాళీ ఏ బీరువాలో ఉంటే అందులోకి పోతుంది. పానుగంటి ‘సాక్షి’ ఒక సంపుటం మొదటి బీరువాలో, ఇంకోటి నాలుగో బీరువాలో, మధ్యలో పశువుల వైద్యం, జామెట్రీ గైడ్లు. ఏది ఎక్కడుందో ఒక్క పంతులుగారికే తెలుసు. ఆయన సెలవు పెడితే లైబ్రరీకీ సెలవే.

దీన్ని చూసి మన పల్లెటూరి అజ్ఞానమని నవ్వుకోనక్కర్లేదు. వందల ఏళ్లపాటు ప్రపంచమంతా చేసింది ఇదే. తాటాకు గ్రంథాలను రెండు చెక్కల మధ్య పెట్టి, తాడు చుట్టి, గుడ్డలో మూటగట్టి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టేవాళ్లు. పేరు చూడాలంటే మూట విప్పాలి, లేదా తాడుకు కట్టిన చీటీ చూడాలి. ఇంగ్లండులో హెరెఫర్డ్ చర్చి గ్రంథాలయంలోనైతే పుస్తకాలకు గొలుసులుండేవి. అట్ట ముందు అంచుకు గొలుసు బిగించారు గనుక వీపు లోపలికి, కాగితాల అంచు బయటికి ఉండేలా నిలబెట్టారు. పుస్తకానికి వీపే మొహమన్న సంగతి మనకు సహజంగా తోస్తుంది గానీ, అది తర్వాత పడిన అలవాటు.

పుస్తకానికి ఒకే చోటు కట్టబెట్టే ఆ పద్ధతికి ఎదురుదెబ్బ తగిలింది 1876లో. అమెరికాలో ఆమ్‌హెర్స్ట్ కాలేజీ లైబ్రరీలో పనిచేసే మెల్విల్ డ్యూయీ, 24 ఏళ్లవాడు, 44 పేజీల చిన్న పుస్తకం అచ్చేశాడు. ముఖపత్రం మీద పేరైనా వేసుకోలేదు. జ్ఞానమంతటినీ పది భాగాలు చేసి, ప్రతి భాగాన్నీ మళ్లీ పది చేసి, దశాంశ బిందువు పెట్టి ఎంత లోపలికైనా పొమ్మన్నాడు. అంకె ఇక అరది కాదు, విషయానిది. బీరువా మారినా, గది మారినా, బడే మారినా భౌతికశాస్త్రం 530. కొత్త పుస్తకం వస్తే పాతవి కాస్త జరిగి దానికి చోటిస్తాయి. రైలు జనరల్ పెట్టెలో మనం చేసేదీ ఇంతే, కాకపోతే పుస్తకాలు సణుక్కోవు.

బడి వాళ్లం గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటి ఇందులో ఉంది. ఆ పది భాగాల వరస డ్యూయీ సొంతం కాదు. 1870లో సెయింట్ లూయీ నగరంలో బడుల సూపరింటెండెంటుగా ఉన్న విలియం టోరీ హారిస్, అక్కడి పబ్లిక్ స్కూల్ లైబ్రరీ పుస్తకాలు సర్దడానికి వేసుకున్న వరస అది. ఫ్రాన్సిస్ బేకన్ జ్ఞానాన్ని జ్ఞాపకం, ఊహ, తర్కం అని మూడుగా విడగొట్టాడు. హారిస్ దాన్ని తిరగేశాడు. డ్యూయీ వరసలో తత్వం ముందు, సాహిత్యం తర్వాత, చరిత్ర చివర వచ్చింది అందుకే. ప్రపంచంలోని పెద్దపెద్ద గ్రంథాలయాలు పాటించే క్రమం ఒక ఊరి బడి పుస్తకాల కోసం పుట్టిందన్నమాట. డ్యూయీ మనిషిగా అంత మెచ్చుకోదగ్గవాడు కాదు. అతను నడిపిన క్లబ్బులోకి యూదుల్ని రానివ్వలేదని గొడవై 1905లో న్యూయార్క్ రాష్ట్ర గ్రంథాలయాధికారి పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్లతో అతని ప్రవర్తన మీదా ఫిర్యాదులున్నాయి. 2019లో అమెరికన్ గ్రంథాలయ సంఘం తన పతకానికి అతని పేరు తీసేసింది. అంకెలు మాత్రం తీసేయలేకపోయింది.

మన దేశానికి ఈ అంకెల చదువు బరోడా మీదుగా వచ్చింది. అక్కడి మహారాజు శాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి డబ్ల్యు.ఎ. బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి పిలిపించాడు. డ్యూయీ పద్ధతినీ, కట్టర్ అనే మరో అమెరికన్ లైబ్రేరియన్ పద్ధతినీ కలిపి ఆయన బరోడాకు ఒక వర్గీకరణ తయారుచేసి, మనుషులకు శిక్షణ ఇచ్చి 1913లో వెళ్లిపోయాడు. సరిగ్గా ఆ తర్వాతే, 1914లో, బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. చిలకమర్తి అధ్యక్షత వహించారు, ఉరుకులూ పరుగులూ అయ్యంకి వెంకటరమణయ్యవి. 1919లో మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిపితే, అధ్యక్షుడుగా బరోడా నుంచి అక్కడి గ్రంథాలయాల అధికారి కుడాల్కర్‌ను తీసుకొచ్చారు. అట్లా రెండు ఊళ్ల దారులూ కలిశాయి.

మనవాళ్ల ఆత్రం మాత్రం పుస్తకాల సర్దుడు మీద కాదు, పుస్తకాన్ని ఊరికి చేర్చడం మీద. 1935లో పాటూరి నాగభూషణం గారు మా వైపు కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా. పుస్తకమే ఊరికి రానప్పుడు అది 500లో ఉందా 900లో ఉందా అని అడిగేదెవరు? ఇంకో చిక్కు కూడా ఉంది. డ్యూయీ పది భాగాలు నిండాలంటే పది రకాల పుస్తకాలుండాలి కదా. 1900 నాటి తెలుగు అచ్చు పుస్తకాలను ఆ వరసలో పెడితే కిక్కిరిసేవి మతమూ సాహిత్యమూ అరలే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టడంలో చెయ్యేసిన కొమర్రాజు లక్ష్మణరావు గారు, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టి చరిత్ర, జీవితచరిత్ర, ప్రకృతి శాస్త్రాల పుస్తకాలు తెలుగులో వేయించారు. మొదటిది గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఖాళీ అరల్లోకి పుస్తకం రాయించిన మనిషి ఆయన. నా దృష్టిలో నంబరు వేసినవాడికంటే పెద్ద గ్రంథాలయ సేవకుడు.

ఇక రంగనాథన్. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల పంతులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యాడు. పనిలేక ఒంటరి జైల్లో ఉన్నట్టుందని వారం తిరక్కుండానే వెనక్కి పోతానన్నాడట. ముందు లండను వెళ్లి రమ్మని పంపారు. అక్కడ సెల్ఫ్రిజెస్ దుకాణంలో మెకానో బొమ్మల పెట్టె చూశాడు. అవే పట్టీలు, అవే మరలు, వాటితోనే ఎన్నో బొమ్మలు. అంకెలు కూడా అలా ముక్కలుగా ఉండి, పుస్తకాన్ని బట్టి బిగించుకునేలా ఉంటే? 1933లో వచ్చిన కోలన్ వర్గీకరణకు బీజం అదే. గ్రంథాలయ శాస్త్రానికి ఆయన చెప్పిన అయిదు సూత్రాలు పుస్తకంగా 1931లో వచ్చాయి గానీ, మొదట విన్నవాళ్లు 1928 డిసెంబరులో చిదంబరం దగ్గర జరిగిన విద్యా మహాసభకు వెళ్లిన పంతుళ్లు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనన్నది మొదటి సూత్రం. దాన్ని వివరిస్తూ ఆయనా ఆ గొలుసు పుస్తకాల దగ్గరికే వెళ్లాడు.

ఇంత చరిత్ర నడిచాక కూడా 1876లోనే కాలం చెల్లిన బీరువా నంబరు మా బడిలో మొన్నమొన్నటిదాకా ఎందుకు బతికింది? ఒక్క మాటలో చెప్పాలంటే ఆడిట్.

లైబ్రేరియన్ పోస్టు చాలా హైస్కూళ్లలో లేదు. తెలుగు చెప్పేవాళ్లకో డ్రిల్లు మాస్టారికో ఛార్జి అంటగడతారు. ఆ మనిషి సంతకం పెట్టేది పుస్తకాలకు కాదు, ఎక్సెషన్ రిజిస్టరుకు. పొడుగాటి ఖాతా పుస్తకం: క్రమ సంఖ్య, తేదీ, రచయిత, పేరు, ప్రచురణకర్త, వెల, బిల్లు నంబరు, రిమార్కులు. బదిలీ అయినా, రిటైరైనా ఆ క్రమంలో ఒక్కోటీ చూపించి అప్పజెప్పాలి. ఒకటి తక్కువైతే జీతంలో కోత, లేదా పెన్షను కాగితాలకు పేచీ. నాకు ఛార్జి ఇచ్చిన పెద్దాయన రిటైరయ్యే ముందు, కనపడని పుస్తకాలకు బదులు సొంత డబ్బుతో కొని పెట్టారు. అలాంటి మనిషి బీరువాకు తాళం వేస్తే ఎవరిది తప్పు? క్రమ సంఖ్య ప్రకారం పేరిస్తే లెక్క చూడ్డం సులువు, తాళం వేస్తే లెక్క తప్పదు. ఆ ఏర్పాటులో పిల్లల ఊసే లేదు. రిజిస్టరు చివరి గడిలో ‘చెదలు’ అని రాసి ఉన్న పేజీలు చూశాను. చెదలు తింటే కోత లేదు. పిల్లవాడు పోగొడితేనే కోత.

నాకు దారి చూపింది మా శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ గారు. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో ఒక నిబంధన ఉందని చెప్పి కాగితం చేతిలో పెట్టారు. ఏడాదిలో వాడకానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమే, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే. మాది రాష్ట్రం, మనకు నేరుగా వర్తించదనే హెచ్చెమ్ గారు అన్నారు. కానీ ఢిల్లీలోనే పోతాయని ఒప్పుకున్నాక మన దగ్గర పోకూడదని పట్టుపట్టడం ఏం బాగుంటుందని ఆయనే మెత్తబడ్డారు. అద్దాల తలుపులు ఊడదీయించాం. ఇక నంబరు వెయ్యక తప్పదు. తలుపు తీశాక పుస్తకాన్ని దాని చోటుకు చేర్చగలిగింది చీటీ ఒక్కటే.

జిగురు మేమే ఉడికించాం. మైదా, నీళ్లు, చిటికెడు మైలుతుత్తం. బైండర్లందరూ వాడేదే. మైలుతుత్తం లేకపోతే చీటీ వెనకున్న పిండి కోసం వెండిపురుగు వస్తుంది, చీటీతో మొదలెట్టి అట్ట దాకా తింటుంది. అది విషం గనుక పిల్లల్ని అటు రానివ్వలేదు, పుల్లతో కలిపి, నీలం తిరిగాక దించాం. చీటీ అడుగు నుంచి అంగుళం పైన అంటించాలి. దానికి అట్టముక్క ఒకటి అంగుళం కొలతకు కోసి పెట్టుకున్నాం. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే అర మీద చీటీలు గీత గీసినట్టు కనిపిస్తాయి, తప్పుచోట దూరిన పుస్తకం దూరం నుంచే పట్టుబడుతుంది. రాత ఇండియన్ ఇంకుతో, గుండ్రంగా, ఎవరి చేతిరాతా తెలియకుండా. 1880లలో అమెరికా గ్రంథాలయోద్యోగులు సమావేశాల్లో కూర్చుని ‘లైబ్రరీ రాత’ ఎలా ఉండాలో చర్చించుకున్నారంటే మొదట్లో నవ్వొచ్చింది. మా డ్రాయింగు మాస్టారు రాసిన చీటీలు, నేను రాసినవి పక్కపక్కన పెట్టాక నవ్వు ఆగింది.

పల్చటి పుస్తకాల దగ్గర డ్యూయీ చేతులెత్తేశాడు. నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల బొమ్మల పుస్తకాలూ, పిన్నులు కొట్టిన సోవియట్ కథలూ చూడండి, వాటికి వీపే లేదు. ముందు అట్ట కింద ఎడమ మూలకు అంటించి, పెట్టెల్లో మొహం కనపడేలా పెట్టాం. వీపున్నవాటితోనూ ఇంకో తంటా. తెలుగు ప్రచురణకర్తల్లో కొందరు వీపు మీద పేరు పై నుంచి కిందికి వేస్తారు, కొందరు కింది నుంచి పైకి. అర ముందు నిలబడ్డ పిల్లలు ఓసారి ఇటు, ఓసారి అటు తల వాల్చి చదువుతుంటారు.

అసలు కథ 800లో ఉంది. డ్యూయీ లెక్కలో అమెరికా సాహిత్యం 810, ఇంగ్లీషు 820, ఆ తర్వాత జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్, లాటిన్, గ్రీకు. మిగతా లోకమంతా 890లో సర్దుకోవాలి. ఇంగ్లీషు నవలకు 823, మూడంకెలు. తెలుగు నవలకు 894.8273, ఏడంకెలు, మధ్యలో చుక్క. తెనాలి పక్కన బడిలో, నూటికి తొంభై తెలుగు పుస్తకాలున్న చోట, పిల్లలు ఒక నవల కోసం ఇంత అంకె చదవాలి. రంగనాథన్ దగ్గర తెలుగు సాహిత్యం O35 అని పొట్టిగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరం ‘ఓ’, తర్వాత 35. పైగా ఏ భాష పుస్తకాలు ఎక్కువుంటాయో ఆ భాష అంకె బదులు చిన్న గీత పెట్టుకోవచ్చన్నాడు. లెక్కల పంతులైనా ఎదుటివాడి ఇల్లు ఎరిగినవాడు. అయినా శాఖా గ్రంథాలయంలో డ్యూయీ ఉంది గనుక, పిల్లలు రేపు అక్కడికీ వెళ్తారు గనుక, మేమూ అదే ఉంచాం. చీటీలు ఎండేలోపు పిల్లలు తమ సౌకర్యం తాము చూసుకున్నారు: ‘తెలుగు మూడు’ అంటే నవలలు, ‘తెలుగు ఒకటి’ అంటే పద్యాలు, ‘తెలుగు రెండు’ నాటకాలు. చివరి అంకెతోనే పని నడుస్తోంది.

మతం అరలో ఇంకా పెద్ద పేచీ. 220 నుంచి 280 దాకా క్రైస్తవమే, తక్కిన మతాలన్నీ 290లో. మహాభారతం 294.5923. మరి నన్నయ భారతాన్ని అక్కడ పెట్టాలా, తెలుగు పద్యంగా 894.8271లోనా? సంస్కృత పండితుడైన మా సహోద్యోగి ఒకాయన మతంలో పెట్టకపోతే అపచారమన్నారు. నేను ఒప్పుకోలేదు. తొమ్మిదో తరగతి పిల్ల నన్నయ కోసం వస్తే పద్యం కోసం వస్తుంది. తిక్కన, పోతన, మొల్ల, అందరూ తెలుగు ఒకటిలోనే నిలబడ్డారు. వాల్మీకి రామాయణం తెలుగు వచనం మాత్రం 294.5922కు పంపాను. పిల్లల బొమ్మల రామాయణం కథల పెట్టెలోకి పోయింది. ఒక్క రాముడు మూడు చోట్ల ఉన్నాడు, ఆయనకు అడవులు అలవాటే.

రచయిత అక్షరాలు వెయ్యడం ఇంగ్లీషు వాళ్లకు కష్టం, పేరు తిరగెయ్యాలి. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది గనుక విశ్వ, కొడవ, మొక్క అని రాసేయొచ్చు. చిక్కు కలంపేర్లతో. చలాన్ని ‘గుడి’ కింద పెడితే ఎవడు వెతుకుతాడు? ఆరుద్రను ‘భాగ’ అంటే ఎవరికి తెలుస్తుంది? లోకం ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే రాశాం. రంగనాయకమ్మ గారి పాత ముద్రణల మీద ముందు ఇంటిపేరుంటుంది, తర్వాతి వాటి మీద ఆవిడే తీసేశారు. అర మీద అన్నీ ‘రంగ’ దగ్గరికి చేర్చాం. ఆవిడ మాటే నెగ్గింది. క్షేత్రయ్యతో వారం గొడవ. పెద్దబాలశిక్ష చదివిన పిల్లలకు ‘క్ష’ వర్ణమాల చివర ఉంటుంది, నిఘంటువులో ‘క’ కింద. నిఘంటువు పక్షమే వహించాను, ఎందుకంటే ఆ పిల్లలే రేపు నిఘంటువూ తిప్పాలి.

కేటలాగు కార్డుల డ్రాయరు మా బడికి రానే లేదు. అమెరికాలో కార్డులు అచ్చువేసే ఓసీఎల్‌సీ 2015 అక్టోబరు 1న ఆఖరి దఫా వేసి మానేసింది. మేం కొనకముందే ఆ వస్తువుకు కాలం తీరింది. బార్‌కోడు మాత్రం వచ్చింది. దానిలో దాగున్నది చూస్తే మళ్లీ ఆ ఎక్సెషన్ నంబరే. ఆడిటు వారు ఎటు తిరిగినా పుస్తకం ఎక్కుతారు. ఎక్కనివ్వండి, లోపలి అట్ట మీద చోటిచ్చాం.

ఈమధ్య రంగు చుక్కల పద్ధతి వచ్చింది. ఆకుపచ్చ, ఎరుపు, నారింజ, తెలుపు, నీలం, పసుపు: చదివే శక్తిని బట్టి ఆరు మెట్లు. ఒకటో తరగతి పిల్లలకు బంగారం లాంటి పద్ధతి, అంకె రాకపోయినా రంగు తెలుస్తుంది, తీసిన పుస్తకం తీసిన చోట పెడతారు. హైస్కూల్లో దాని పని వేరేలా ఉంది. ఎనిమిదో తరగతి కుర్రాడు ఆకుపచ్చ చుక్క పుస్తకం చొక్కా కింద దాచుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు, తోటివాళ్లు చూస్తారని. డ్యూయీ అంకె పుస్తకం సంగతి చెబుతుంది గానీ, చదివేవాడి సంగతి బయటపెట్టదు. అందుకే మా రాకుల మీద చుక్కలు వద్దన్నాను, ప్రైమరీ వాళ్లు అంటించుకున్నారు. కొన్ని పిల్లల పుస్తకాలకు చదివే స్థాయి అంకె వెనకట్ట మీద అచ్చులోనే వస్తోంది. బడి స్టాంపు సరిగ్గా దాని మీద పడేలా చూడమని లైబ్రరీ లీడర్లకు చెప్పాను.